ఆదరణ కూడికలో ఏడవకూడదా? ఇరవై రెండు రోజుల తేడాలో ఒక సమాధి, ఒక ఊయల

లంక ఊరి ఆడపడుచు — మార్చి 3

అందరికీ వందనాలు. నేను కోనసీమలో ఒక లంక గ్రామంలో పుట్టి, పెళ్లయ్యాక రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. మాది మూడు తరాలుగా విశ్వాసుల కుటుంబం. గత నవంబరు 14న మా అమ్మ ప్రభువునందు నిద్రించింది, మరునాడు భూస్థాపన చేశాం. ఆ తర్వాత ఇరవై రెండో రోజున, డిసెంబరు 7న, పెళ్లయిన తొమ్మిదేళ్లకు నాకు ఆడపిల్ల పుట్టింది.

అమ్మ పేరిట ఆదరణ కూడిక, అంటే ఓదార్పు ప్రార్థన, జరిగిన రోజున, సాక్ష్యం చెప్పమని నన్ను లేపితే రెండు మాటలు కూడా పూర్తి చేయలేక బిగ్గరగా ఏడ్చాను. మా సంఘంలో అందరూ గౌరవించే ఒక పెద్దావిడ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, "ఏడవకమ్మా, వచ్చిన అన్యులు చూస్తే ఏమనుకుంటారు, మనకు నిరీక్షణ లేదా?" అన్నారు. ఆవిడకు నా మీద ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి నేను ఏడ్చిన ప్రతిసారీ నా విశ్వాసాన్ని నేనే తప్పుపట్టుకుంటున్నాను.

ఫిబ్రవరిలో పాప కోసం కృతజ్ఞతా కూడిక పెట్టాం. వచ్చినవారిలో చాలామంది, "చూశావా, దేవుడు ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చాడు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఊపిరి ఆగినట్టయింది. మా అమ్మకు ఈ పిల్ల బదులా? పాపను చూసి నవ్వబోతే అమ్మ గుర్తుకొచ్చి నవ్వు మధ్యలో ఆగిపోతోంది, అమ్మను తలచుకుని ఏడవబోతే పాప లేచి ఆ ఏడుపూ మధ్యలో ఆగిపోతోంది. రెండింటిలో ఒక్కటీ నాకు పూర్తిగా దక్కడం లేదు. నా దుఃఖం అవిశ్వాసమా, నా సంతోషం అమ్మకు ద్రోహమా? వాక్యం తెలిసినవారు చెబుతారని రాస్తున్నాను.

జయధ్వని — మార్చి 3

సిస్టర్, మీ బాధ అర్థమైంది. అయినా వాక్యాన్ని మన అనుభవానికి తగినట్టు మెత్తబరచకూడదు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి" అని ఫిలిప్పీయులకు 4:4లో ఉన్నది. వీలున్నప్పుడు ఆనందించండని అక్కడ రాయలేదు. అది ఆజ్ఞ. పైగా ఆ పత్రికను అపొస్తలుడైన పౌలు బంధకాలలో, అంటే చెరసాలలో, ఉండి రాశాడు. మీ అమ్మగారు మహిమలో ఉన్నారని మీరు నిజంగా నమ్మితే, ఆ ఏడుపు ఎవరి కోసమో ఆలోచించండి.

పల్లె కాపరి — మార్చి 4

అమ్మా, నేను సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘంలో పందొమ్మిదేళ్లుగా కాపరిగా ఉన్నాను. ముందుగా ఒక ఒప్పుకోలు. మీకు ఆ పెద్దావిడ చెప్పిన మాటను తొలి రోజుల్లో నేను కూడా సమాధుల దగ్గర నిలబడి చాలామందికి చెప్పాను. వారిలో కొందరు ఆ తర్వాత నా ఎదుట ఏడవడం మానేశారు. వారు ఓదార్పు పొందారని నేను సంబరపడ్డాను. నా దగ్గర మాత్రమే మానేశారని, ఇంటికి వెళ్లి తలుపు మూసుకుని ఏడ్చారని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. కొద్దిసేపట్లో అతణ్ణి తానే బయటికి పిలవబోతున్నానని యేసుకు తెలుసు, ఆ సంగతి అంతకు ముందే శిష్యులతో చెప్పాడు. పునరుత్థానాన్ని గురించి ఆయనకున్నంత నిశ్చయం మనలో ఎవరికీ లేదు. అయినా లాజరు సహోదరి మరియ ఏడుస్తుంటే చూసి, సమాధి ఎక్కడని అడిగి, అక్కడ "యేసు కన్నీళ్లు విడిచెను". నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదన్నది నియమమైతే, ఆ నియమాన్ని మొట్టమొదట మీరినవాడు ప్రభువే.

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను కూడా మనం సగమే చదువుతాం. "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడవద్దు అన్నాడు. 'ఇతరులవలె' అన్న మాటను ఎత్తేసి, దుఃఖపడవద్దు అన్న ముక్కనే ఇంటింటికీ మోసుకుపోతున్నాం.

జయధ్వని గారు చూపిన ఫిలిప్పీయుల పత్రికలోనే మరో రెండు చోట్లు ఉన్నాయి. రెండో అధ్యాయంలో తన జతపనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బ్రతికిన సంగతి చెబుతూ, తనకు "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా దేవుడు కనికరించాడని పౌలు రాస్తాడు. అంటే అతడు పోయి ఉంటే ఆ దుఃఖం తనను కుదిపేదని ఒప్పుకుంటున్నాడు, అంతకు ముందే ఒక దుఃఖం తనలో ఉన్నదని కూడా ఒప్పుకుంటున్నాడు. మూడో అధ్యాయంలో ఏడుస్తూనే చెబుతున్నానని రాస్తాడు. ఏడుస్తూ రాసిన అదే చెయ్యి, అదే ఉత్తరంలో, నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఆనందించుడి అన్నది.

ఇక 'ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చాడు' అన్న మాట. యోబు ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న భక్తుడు. ఆయన గ్రంథం మొదట్లో ఆయనకు ఏడు వేల గొర్రెలు ఉన్నాయి, చివర్లో పద్నాలుగు వేలు వచ్చాయి. ఒంటెలు, ఎడ్లు, గాడిదలు అన్నీ రెట్టింపయ్యాయి. పిల్లలు మాత్రం మొదట పదిమంది, చివర్లోనూ పదిమందే. పిల్లలను ఎందుకు రెట్టింపు చేయలేదని అడిగితే పాతకాలపు బోధకులు ఒక జవాబు చెప్పేవారు: పోయిన గొర్రెలు పోయినవే, పోయిన పిల్లలు మాత్రం దేవుని దగ్గర యోబు పిల్లలుగానే ఉన్నారు, కనుక లెక్క ఇరవై. మీ అమ్మగారి స్థానంలో పాప రాలేదమ్మా. మీకు అమ్మ ఉన్నది, కూతురూ ఉన్నది.

సందేహి — మార్చి 4

నేను విశ్వాస కుటుంబంలోనే పుట్టాను గానీ ఇప్పుడు మందిరానికి వెళ్లడం తగ్గించాను. హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్ల క్రితం మా నాన్న రోడ్డు ప్రమాదంలో పోయారు. కూడికలో ఒకరు లేచి రోమా 8:28 చదివి, "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" కనుక దీని వెనుక కూడా ఒక మేలు ఉంటుందన్నారు. నిద్రమత్తులో లారీ నడిపినవాడి కళ్లు మూతపడటం వెనుక నాకు ఏ మేలు కనబడాలి? దుఃఖానికి అర్థం వెతకడమంటే, జరగకూడనిది జరిగినా దాన్ని జరగవలసినదిగా ఒప్పుకోవడమే కదా అని నాకు అనిపిస్తుంది. కాపరి గారి జవాబు బాగుంది, కానీ ఆయన కూడా ఈ చోటికి వచ్చేసరికి పక్కకు తప్పుకున్నారు.

గుండ్లకమ్మ మాస్టారు — మార్చి 5

తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, ఒంగోలు వాణ్ణి. సందేహి గారి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగల శక్తి నాకు లేదు గానీ, ఆ ప్రశ్న అడగడానికి మనం వాడే మాటల గురించి కొంత చెప్పగలను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మన తెలుగు బైబిలులోని కొన్ని మాటలు వీధిలో ఒక అర్థంతోనూ, మందిరంలో మరో అర్థంతోనూ నడుస్తాయి. శ్రమ అంటే బయట కష్టపడి పనిచేయడం, మనకు బాధ, హింస. అందుకే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను శ్రమల దినాలు అంటాం. నిరీక్షణ అంటే బయట ఎదురుచూడటం. బస్సు కోసం నిరీక్షించాం అంటాం. మనకేమో అది ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. పాత అనువాదకులు ఆశ అన్న మాట పక్కన పెట్టి నిరీక్షణ ఎందుకు పట్టుకున్నారో నాకు చాలాకాలం బోధపడలేదు. మా ఆవిడ పోయిన తర్వాత బోధపడింది. ఆశ అన్నది మనసులో పుట్టి, మనసు బాగాలేనప్పుడు పోతుంది. నిరీక్షణకు మనసు కుదుటపడి ఉండనక్కరలేదు. కన్నీళ్లతో కూడా గుమ్మంలో కూర్చుని ఎదురుచూడవచ్చు. నిరీక్షణ లేదా అని ఆడపడుచు గారిని అడిగిన పెద్దావిడ, తెలియకుండానే సరైన మాట అడిగారు. జవాబు కూడా ఆ కన్నీళ్లలోనే ఉన్నది: తిరిగి చూస్తామన్న నమ్మకం లేనివారికి ఎదురుచూపు ఎక్కడిది?

మా ప్రాంతపు చరిత్ర ఒకటి చెప్పాలి. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువును మా పెద్దలు ధాత కరువు అనేవారు. 1878 వరకు అది దక్షిణ దేశాన్ని పీల్చి పిప్పి చేసింది. అప్పటికి పదేళ్ల క్రితమే, 1866లో, జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయనకు సర్వే పని తెలుసు. కరువు పనుల కింద తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి అక్కడ తవ్వకం పని చూపించాడు. వారిలో అత్యధికులు మాదిగలు. సాయంత్రం పని ముగిశాక బోధకులు వారి మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. ఎందరు అడిగినా క్లౌ మాత్రం కరువు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న నింద వారి మీద పడకూడదని. కూలి పని, ధాన్యసాయం ముగిశాక, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా సంఘాల వార్షికోత్సవాల్లో ఈ 2,222 అన్న సంఖ్యను జెండాలా ఎగరేస్తాం. నాకు అందులో ఒక వెలితి కనిపిస్తుంది. ఆ నీళ్లలోకి దిగిన వారిలో ఆ రెండేళ్లలో ఇంట్లో ఒకరినైనా మట్టిలో పెట్టని మనిషి అరుదై ఉంటాడని నా ఊహ. ఆ రోజు ఏటి ఒడ్డున పాడినవారి గొంతుల్లో ఎండిన ఆకలి ఇంకా ఉండి ఉంటుంది. మనం ఆ సంతోషాన్ని మాత్రం తీసుకుని, అది ఏ దుఃఖంలోంచి నడిచి వచ్చిందో దాన్ని ఒడ్డునే వదిలేశాం.

"కన్నీళ్లు విడుచుచు విత్తువారు సంతోషగానముతో పంట కోసెదరు" అన్న 126వ కీర్తనను మా తాత కరువు కథలతో కలిపి చెప్పేవాడు. విత్తేవాడు ఎందుకు ఏడుస్తాడు? కరువు ఏడాదిలో ఇంట్లో మిగిలింది ఆ గింజలే. పిల్లలు ఆకలి అంటుంటే, వండితే నాలుగు పూటలు గడిచే ఆ గింజల్ని తీసుకెళ్లి మట్టిలో చల్లాలి. అది ఏడవకుండా చేయగలిగిన పని కాదు. ఏడుస్తూ చల్లినందుకు ఆ విత్తనం మొలకెత్తకుండా పోదు. కరువు మంచిదని గానీ, దాన్ని దేవుడు పంపాడని గానీ ఆ కీర్తన అనదు. సందేహి గారూ, మీ నాన్నగారి మరణాన్ని మేలు అని ఒప్పుకోమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. రోమా పత్రికలో 'సమస్తమును మేలే' అని లేదు. అదే అధ్యాయంలో, కొన్ని వచనాల ముందు, సృష్టి అంతా ప్రసవవేదన పడుతూ మూలుగుతున్నదని ఉన్నది. మూలుగును దాటేసి మేలు దగ్గరికి వెళ్లే అడ్డదారి ఆ అధ్యాయంలో నాకు దొరకలేదు.

దివిసీమ మనవడు — మార్చి 6

మాస్టారు గారి మాటలు చదివాక మా నాయనమ్మ సంగతి రాయాలనిపించింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ముప్పై లోపు వయసు. ఆ రాత్రి ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయారు. తాత తాడిచెట్టుకు కరుచుకుని బ్రతికాడు. నాన్న ఆ తర్వాత పుట్టినవాడు. నాన్నను చూపించి కూడా ఆమెకు ఎవరో, "దేవుడు మళ్లీ ఇచ్చాడుగా" అని ఉంటారు. ఆడపడుచు అక్క రాసినది చదివితే నాకు ఆ మాట ఎంత పాతదో అర్థమైంది.

ఆమె ప్రతి తెల్లవారుజామున నాలుగింటికి లేచి కీర్తనలు పాడేది. నవంబరు 19న మాత్రం పాడేది కాదు, పొయ్యి కూడా సాయంత్రం దాకా వెలిగించేది కాదు. ఆ ఒక్క రోజు దేవుడితో మాట్లాడవా అని చిన్నతనంలో అడిగితే, "మాట్లాడతాను, పాడను" అన్నది. ఒకసారి పొరుగూరి నుంచి వచ్చిన ఒక బోధకుడు మా ఇంట్లో భోజనానికి కూర్చుని, ఉప్పెన జనుల పాపానికి వచ్చిన తీర్పు అన్నాడు. నాయనమ్మ వడ్డించే గరిటె పక్కన పెట్టి, "అయ్యగారూ, నా పిల్లలు నాలుగేళ్లది, రెండేళ్లది. వాళ్లు చేసిన తప్పేమిటో చెప్పి, ఆ తర్వాత చెయ్యి కలపండి" అన్నది. ఆయన తలదించుకున్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వచ్చినప్పుడు, వారు మిగతా అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదన్నాడు. చదువు రాని నాయనమ్మ ప్రభువు పక్షాన నిలబడిందని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను.

అదే నాయనమ్మ మా అక్క పెళ్లిలో అందరికంటే గట్టిగా నవ్వింది, పందిట్లో చప్పట్లు కొట్టి పాడింది. ఆ రెండూ ఆమెలో ఎలా ఇమిడాయో నాకు తెలియదు. ఒకటి మాత్రం చూశాను: ఆమె పాటలోనూ మౌనంలోనూ ఎదురుగా ఉన్నది ఒక్కరే.

జయధ్వని — మార్చి 6

కాపరి గారు చూపిన వచనాలను రాత్రి కూర్చుని మళ్లీ చదివాను. ఫిలిప్పీ 2:27ను నేను ఎన్నోసార్లు చదివి కూడా గమనించలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. సిస్టర్, నా మొదటి జవాబులో చివరి వాక్యం కఠినంగా ఉంది, క్షమించండి.

అయితే నా వైపు మాట కూడా పూర్తిగా కొట్టేయకండి. నేను పనిచేసే కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో నా కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆసుపత్రిలో ఉన్న ఆరు వారాలు నన్ను నిలబెట్టింది, ఏడవాలనిపించిన ప్రతిసారీ పాడాలని నేను తీసుకున్న నిర్ణయం. ఆనందం మనసులో దానంతట అదే ఊరేదాకా ఆగితే నేను ఇవాళ్టికీ ఆగుతూనే ఉండేవాణ్ణి. హబక్కూకు ప్రవక్త, అంజూరపు చెట్టు పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను ఆనందిస్తానన్నాడు. అది చేసుకున్న నిర్ణయమే కదా?

పల్లె కాపరి — మార్చి 7

నిర్ణయమే, అన్నా. మీరు ఆసుపత్రిలో పాడిన పాటకు నేను తల వంచుతాను. ఒక్క మాట కలుపుతాను. హబక్కూకు ఆ మాట మూడో అధ్యాయం చివర్లో అన్నాడు. ఆ గ్రంథం మాత్రం, "నేను మొర్రపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు" అన్న నిలదీతతో మొదలవుతుంది. మొదటి అధ్యాయాన్ని అతడు తన గొంతుతో పలికాడు గనుకనే మూడో అధ్యాయం అతనిది అయింది. మన కూడికల్లో మూడో అధ్యాయాన్ని మనిషి చేతికిచ్చి, మొదటి అధ్యాయాన్ని లాక్కుంటున్నాం. మీ పాటను మీరు ఎంచుకున్నారు, దాన్ని ఇంకొకరి నోట్లో కుక్కితే అది పాటగా మిగలదు.

వార్డు నర్సు — మార్చి 7

ఇక్కడ అందరూ వాక్యం గురించి మాట్లాడుతున్నారు, నేను పని గురించి మాట్లాడతాను. ప్రసూతి వార్డులో పదకొండేళ్లుగా ఉన్నాను. అక్కా, కాన్పు తర్వాత మొదటి రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, అది తగ్గిపోతుంది. మీకు మూడు నెలలు నిండాయి. పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పాప మీద కూడా ఏమీ అనిపించకపోవడం, బ్రతకడమెందుకు అనిపించడం వంటివి రెండు వారాలకు మించి ఉంటే దాన్ని విశ్వాస పరీక్షగా లెక్కగట్టకండి, వైద్యుణ్ణి కలవండి. ఇల్లు కదలలేకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. దుఃఖం వేరు, కుంగుబాటు వేరు. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండవచ్చు కూడా.

మందులు వాడితే దేవుణ్ణి నమ్మనట్టే అనేవారికి నేను ఏలీయాను చూపిస్తాను. బదరీవృక్షం కింద పడుకుని, నా ప్రాణం తీసుకో అన్నాడు ఆ ప్రవక్త. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా తిండే పెట్టాడు. దేవుని స్వరం హోరేబు కొండ దగ్గర, ఆ తర్వాత ఎన్నో రోజులకు వచ్చింది. మా వార్డులో చాలామంది తల్లులకు కావలసింది కూడా ముందు ఆ అప్పం, ఆ నిద్ర. పాపను రెండు గంటలు ఎత్తుకునే మనిషి దొరికితే అదీ ఆదరణే.

లంక ఊరి ఆడపడుచు — మార్చి 8

నర్సమ్మ గారూ, మీరు చెప్పిన వాటిలో నిద్ర సంగతి నాకు ఉన్నది. మావారితో కలిసి వెళ్లి చూపించుకున్నాను. కుంగుబాటు లేదు, నిద్రలేమి, అలసట అన్నారు. మా ఆడబిడ్డ వచ్చి వారం రోజులు ఉంటానన్నది.

కువైట్ వంటగది — మార్చి 13

నేను శుక్రవారం తప్ప ఫోను ముట్టుకునే వీలు లేనిదాన్ని, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. మాది కూడా కోనసీమే. ఇక్కడ ఒక ఇంట్లో వంట పని. నిరుడు మా నాన్న చనిపోతే రాలేకపోయాను. భూస్థాపన వీడియో కాల్‌లో చూశాను. పెట్టె దింపే సమయానికి సిగ్నల్ పోయింది. ఆ రోజు మా యజమానుల ఇంట్లో విందు, ఇరవై మందికి వండాలి. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను, ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ వారం నాకు అన్నిటికంటే పెద్ద ఆదరణ ఆ ఉల్లిపాయలే.

తర్వాతి శుక్రవారం తెలుగు ఆరాధనకు వెళ్తే, అక్కడ ఒక చెల్లెమ్మ తన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని స్తుతి కానుక ఇచ్చి మిఠాయిలు పంచుతోంది. నా చేతిలోనూ ఒకటి పెట్టింది. "సంతోషించువారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి" అని రోమా 12లో ఉన్నది కదా. రెండోది సులువు అండీ. ఏడ్చేవాళ్లను చూస్తే ఎవరికైనా ఏడుపు వస్తుంది. మొదటిదే నాకు గండం అయింది. ఆ మిఠాయిని రుమాలులో చుట్టి గదికి తెచ్చుకుని, రాత్రి తిన్నాను. తిని, ఆ అబ్బాయి పేరు పెట్టి ప్రార్థన చేశాను. అక్కడి నుంచే నాకు కొంచెం కొంచెంగా నాన్న గురించి మాట్లాడటం వచ్చింది. ఎందుకో చెప్పలేను. ఆ చెల్లెమ్మకు ఆ తర్వాతి వారం నాన్న సంగతి చెబితే, మిఠాయి ఇచ్చిన చేతితోనే నా తల నిమిరి తనూ ఏడ్చింది.

ఆడపడుచమ్మా, నీ పాప ఫొటో నాకు చూడాలని ఉంది.

పల్లె కాపరి — మార్చి 14

ఈ అక్క అన్న మాటే నాలుగో శతాబ్దపు బోధకుడు యోహాను క్రిసోస్తము రోమా పత్రిక మీద చేసిన ప్రసంగాల్లో అన్నాడు. ఏడ్చేవారితో ఏడవడం స్వభావమే చేయిస్తుందనీ, సంతోషించేవారితో అసూయ లేకుండా సంతోషించడానికి ఇంకా పెద్ద మనసు కావాలనీ ఆయన చెప్పాడు. నాకు దాన్ని తెలుసుకోవడానికి వేదాంత కళాశాల కావలసి వచ్చింది, ఆమెకు ఒక మిఠాయి చాలింది.

సందేహి — మార్చి 15

నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఒకటి అడుగుతాను. దుఃఖంతో మొదలై దుఃఖంతోనే ముగిసే కీర్తన బైబిలులో ఏదైనా ఉందా? చివర్లో స్తుతి అతికించనిది?

పల్లె కాపరి — మార్చి 15

ఉంది తమ్ముడూ. 88వ కీర్తన. చివరి మాట చీకటి. స్నేహితులు దూరమయ్యారన్న ఫిర్యాదు దగ్గరే ఆగిపోతుంది. 'అయినను నేను స్తుతించెదను' అన్న మాట ఎక్కడా లేదు. దాన్ని దేవాలయ పాటల పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు. మీ నాన్నగారి కూడికలో నేను ఉండి ఉంటే అది చదివి కూర్చునేవాణ్ణి.

సందేహి — మార్చి 16

చదివాను. పడుకునే ముందు ఇంకోసారి చదివాను. ప్రస్తుతానికి అంతే.

లంక ఊరి ఆడపడుచు — మార్చి 22

ఒక సంగతి పంచుకోవాలి. అమ్మ వస్తువులు సర్దడానికి లంకకు వెళ్లాను. ఆమె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. అందులో చాలా కీర్తనల పక్కన, రాగం తాళం అచ్చైన గీత మీద, పెన్సిలుతో తేదీలు రాసి పెట్టింది. మొదట నాకు అర్థం కాలేదు. ఒక కీర్తన పక్కన మూడు తేదీలు ఉన్నాయి. ఒకటి మా తాత భూస్థాపన రోజు. రెండోది నేను పుట్టిన రోజు. మూడోది 1996 నవంబరులో తుపాను వచ్చి మా కొబ్బరితోట మొత్తం పడిపోయిన రెండో రోజు. మూడు రోజులూ ఒకే కీర్తన, ఒకే రాగం.

తాత పోయిన దుఃఖం నేను పుట్టాక చెరిగిపోలేదు, ఆ తేదీని ఆమె కొట్టేయలేదు. నేను పుట్టిన సంతోషాన్ని ఆ దుఃఖానికి దూరంగా వేరే పేజీలో పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. మాస్టారు గారూ, ఆ కీర్తనకు మోహన రాగం అని వేసి ఉంది. భూస్థాపనలో మోహన ఎవరైనా పాడతారా?

గుండ్లకమ్మ మాస్టారు — మార్చి 22

పాడతారమ్మా, మా పల్లెల్లో విన్నాను. కచేరీలో మోహన ఉల్లాసంగా ఉంటుంది. ఏటి గట్టు మీద పెట్టె మోస్తూ, అడుగు అడుగుకూ సాగదీసి పాడితే అదే రాగం గుండె పిండుతుంది. స్వరాలు మారవు, నడక మారుతుంది. మీ అమ్మగారు తాతగారి రోజున ఏ కాలంలో పాడి ఉంటారో ఊహించగలను. మీరు పుట్టిన రోజున అంత ఆగి పాడి ఉండరు.

దివిసీమ మనవడు — మార్చి 23

ఆ నవంబరు 1996 తేదీ దగ్గర కాసేపు ఆగిపోయాను అక్కా. మాకు 1977, మీకు 1996. నవంబరు అంటేనే మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో ముసలివాళ్లు ఆకాశం వైపు చూస్తారు.

లంక ఊరి ఆడపడుచు — ఏప్రిల్ 5

పునరుత్థాన దిన (ఈస్టరు) వందనాలు. ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకు మా లంకలో సమాధుల తోటకు వెళ్లాం. నిన్ననే మావారు, తమ్ముడు కలిసి అమ్మ సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టారు. ఊరంతా కొవ్వొత్తులు వెలిగించి ఉంది. పాపను శాలువాలో చుట్టి ఎత్తుకున్నాను. అమ్మ రాసుకున్న ఆ కీర్తనను మెల్లగా మొదలుపెట్టి, రెండో చరణం దగ్గర గొంతు పూడుకుపోతే తమ్ముడు అందుకున్నాడు. నేను ఏడుస్తున్నాను. పాప కొవ్వొత్తి వెలుగు చూసి కాళ్లు ఆడిస్తూ కేరింతలు కొడుతోంది. నన్ను నేను ఆపుకోలేదు, దాన్నీ ఆపలేదు.

ఆదరణ కూడికలో నన్ను కూర్చోబెట్టిన పెద్దావిడ రెండు వరసల అవతల, ఒక చిన్న సమాధి దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నారు. అది పదిహేనేళ్ల క్రితం పోయిన వాళ్ల అబ్బాయిదని నాకు తెలుసు, కానీ ఇన్నేళ్లలో ఆవిడ ఏడవగా ఎవరూ చూడలేదు. దగ్గరికి వెళ్లి పక్కన నిలబడ్డాను. ఏమీ మాట్లాడలేదు. ఆవిడ పైటతో ముఖం తుడుచుకుని, పాపను నా చేతుల్లోంచి తీసుకుని, ఆ సమాధి వైపు వంగి, పాపకు మా అమ్మ పేరు పెట్టామని వాళ్ల అబ్బాయికి చెప్పారు.

కువైట్ అక్కా, ఫొటో మీకు విడిగా పంపుతున్నాను. శాలువా మా అమ్మదే.